భూగోళ శాస్త్రానికి సొంత పొలం ఉందా, అంతా కౌలేనా?

సోషల్‌సారు (అనంతపురం) – ఆదివారం ఉదయం 9:12

హైస్కూల్లో సోషల్ చెప్తాను, పద్దెనిమిదేళ్లుగా. మొన్న శుక్రవారం స్టాఫ్‌రూంలో టీ తాగుతుంటే మా ఫిజికల్ సైన్స్ సార్ ఒక మాట అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ రాత్రి దాకా బుర్రలో తిరుగుతూనే ఉంది.

"మీ భూగోళంలో ఏముంది సార్? గాలి, వాన మా ఫిజిక్స్. రాళ్లు జియాలజీ. పంటలు అగ్రికల్చర్ వాళ్లవి. జనాభా, పరిశ్రమలు ఎకనమిక్స్. సరిహద్దులు సివిక్స్. మీది కౌలు సేద్యం. సొంత పొలం సెంటు లేదు."

పక్కనున్న తెలుగు మేడం కిసుక్కున నవ్వింది. "అట్లా కాదు సార్" అని నేను నోరు తెరిచేలోపు బెల్లు కొట్టారు. నిజం చెప్పాలంటే బెల్లు కొట్టడమే మంచిదైంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా పాప ఇంటర్ అయిపోయి డిగ్రీలో జాగ్రఫీ తీసుకుంటానంటోంది. విచారిస్తే ఒక చోట అది బీఏ, ఇంకో చోట బీఎస్సీ. ఆర్ట్సో సైన్సో వాళ్లకే తేలని చదువు మనకెందుకని వాళ్లమ్మ టెన్షన్.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. రాజధానులు, నదులు, మ్యాప్ పాయింటింగ్ అని చెప్పొద్దు, అవి నాకూ తెలుసు. భూగోళ శాస్త్రం అనేదే లేకపోతే, ఏ ప్రశ్న ఎవరూ అడక్కుండా మిగిలిపోతుంది? అది చెప్పండి చాలు.

నాపరాయి (యర్రగుంట్ల) – 9:47

మీ సైన్స్ సార్ నోటికొచ్చింది అనలేదు సార్, ఉన్నదే అన్నాడు. నేను చదివింది జియాలజీ, కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

గండికోట చూడండి. లోయ చూడ్డానికి వచ్చినవాళ్లంతా "అబ్బా, ఏం భౌగోళిక అద్భుతం" అంటారు. ఎర్రమల కొండల్ని పెన్న కోసింది. ఆ రాయి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి అయిన బండ, మా పుస్తకాల్లో దాని పేరే గండికోట క్వార్ట్‌జైట్. కిందున్న గుల్చెరువు, వేంపల్లె, తాడిపత్రి అన్నీ మాకు రాతి పొరల పేర్లు. ఆ పొరలు పడి వంద కోట్ల ఏళ్లు దాటింది. కడప బేసిన్ అంటే ప్రపంచంలో ఏ జియాలజీ వాడికైనా తెలుస్తుంది. మంగంపేట ముగ్గురాయి ఎక్కడిది, తుమ్మలపల్లె యురేనియం ఏ రాతిలో ఉంది, మా ఊళ్లో ఇంటింటికీ పరిచిన నాపరాయి ఎట్లా తయారైంది, అన్నిటికీ జవాబు మా దగ్గరే ఉంది. ఇందులో భూగోళం వాళ్ల చెయ్యి ఎక్కడ పడింది?

అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ 1948లో జాగ్రఫీ డిపార్ట్‌మెంటును మూసేసింది. అది యూనివర్సిటీలో చెప్పాల్సిన సబ్జెక్టే కాదని అప్పటి యూనివర్సిటీ ప్రెసిడెంట్ అన్నాడని చెప్తారు. అంత పెద్దవాళ్లకే సొంత పొలం కనబడలేదు.

పిన్‌కోడ్ (హిందూపురం, ఇప్పుడు బెంగళూరు) – 10:30

నాపరాయి అన్నా, లోయ ఎట్లా పడిందో చెప్పినారు, సంతోషం. ఆ లోయ అంచున కోట ఎందుకు కట్టారో మీ క్వార్ట్‌జైట్ చెప్తుందా? ఒక పక్క పెన్న, నిలువునా బండ, శత్రువు ఎక్కలేడు. రాయి మీది. ఆ రాయిని చూసి "ఇక్కడ" అనుకున్నది మనిషి. ఈ "ఇక్కడే ఎందుకు" అన్నది ఎవరి ప్రశ్న?

నేను జీఐఎస్ పని చేస్తా, అంటే కంప్యూటర్లో మ్యాపుల లెక్కలు. అంబులెన్సు ఏ కూడలిలో ఆపితే ఎక్కువమందికి పది నిమిషాల్లో అందుతుంది, గోడౌను ఎక్కడ పెడితే డీజిల్ తగ్గుతుంది, రోజంతా ఇదే లెక్క. నాకు భూగోళం అంటే చోటు, దూరం, అమరిక. రాయా, పంటా, రోగమా అన్నది తర్వాత. 1970లో టోబ్లర్ అని ఒకాయన దీన్ని ఒక్క ముక్కలో చెప్పాడు: ప్రతిదానికీ ప్రతిదానితో సంబంధం ఉంటుంది, కానీ దగ్గర ఉన్నవాటికి దూరంగా ఉన్నవాటి కంటే ఎక్కువ ఉంటుంది. ఏదో మామూలు మాటలాగా ఉంటుంది గానీ మా సాఫ్ట్‌వేర్లు సగం దాని మీదే నడుస్తాయి.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్లంతా చెడు గాలి అన్నారు. జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లను మ్యాపు మీద గీతలు గీసుకుంటూ పోతే అన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ మూగాయి. ఆ పక్కనే బీరు తయారుచేసే చోట పనివాళ్లకు ఏమీ కాలేదు. వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవాళ్లు కాదు. మందుల చదువు కనిపెట్టలేనిది మ్యాపు కనిపెట్టింది. అదీ సొంత పొలమంటే.

మన దగ్గర చూడాలంటే పెనుకొండ పక్కన ఎర్రమంచి ఉంది. కియా ఫ్యాక్టరీ అక్కడికే ఎందుకొచ్చింది? బెంగళూరు పక్కన, 44వ నంబరు హైవే మీద, చుట్టూ బీడు భూమి. గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా నీళ్లు చేరకపోయుంటే ఈ మూడూ ఉండి కూడా వచ్చేది కాదేమో.

హగరి ఒడ్డు (కణేకల్లు) – 11:05

నేను చదివింది పదో తరగతే సార్. తప్పుంటే క్షమించండి.

మా ఊరి పక్కన హగరి. పుస్తకాల్లో వేదవతి అంటారు. పేరుకు ఏరు, ఉండేది ఇసుకే. మా తాత కాలంలో ఇసుక దిబ్బ ఏటి గడ్డకే ఉండేదంట. ఇప్పుడు మా చేని గట్టు దాటి లోపలికొచ్చింది. ఆషాఢంలో గాలి లేస్తే మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పళ్ల కింద కరకరలాడుతుంది. బుడ్డలు (వేరుశెనగ) విత్తినాక వారం, పది రోజులకు మొలక పైకి లేస్తుంది కదా, ఆ వేళకే ఇసుక వచ్చి కప్పేస్తుంది. రెండేండ్లు వరసగా రెండుసార్లు విత్తనం వేసినాము.

చూడ్డానికి శానామంది వచ్చినారు. ఒకాయన మన్ను సంచిలో పట్టుకుపోయినాడు. ఒకాయన గాలి కొలిచినాడు. ఇంకొకాయన ఏట్లో ఇసుక ఎంత లోతుందని గుంత తవ్వించినాడు. ఇన్సూరెన్సు ఆయన ఫొటో తీసుకున్నాడు. ఎవరి ముక్క వాళ్లు పట్టుకుపోయినారు. పైన ఆనకట్టలు కట్టినాక ఏట్లో నీళ్లు రావు, నీళ్లు లేక ఇసుక ఎండుతుంది, ఎండినది గాలికి లేస్తుంది, లేచింది మా చేలో పడుతుంది, ఇక మేము చేను వదిలి బళ్లారికి కూలికి పోతాము. ఇదంతా ఒకటే కత సార్. దాన్ని ఒకటిగా చదివే చదువుకు ఏం పేరుందో మీరే చెప్పండి.

నాపరాయి – 11:20

అన్నా, మీ మాటకు జవాబు చెప్పడం కష్టం. ఆలోచిస్తా.

మూడోసారి గ్రూప్స్ (నంద్యాల) – మధ్యాహ్నం 12:40

అందరికీ నమస్కారం. కోచింగ్ నోట్సులో పాటిసన్ అని ఉంటుంది. 1964లో ఆయన జాగ్రఫీలో నాలుగు సంప్రదాయాలు ఉన్నాయన్నాడు: చోటు-దూరాల లెక్క ఒకటి, ఒక ప్రాంతాన్ని మొత్తంగా చదవడం ఒకటి, మనిషికీ నేలకూ సంబంధం ఒకటి, భూమి శాస్త్రం ఒకటి. ఇక్కడ పిన్‌కోడ్ అన్న మొదటిది, హగరి అన్న మూడోది, నాపరాయి అన్న నాలుగోది చెప్తున్నారు. నాలుగూ ఒప్పేసుకుంటే గొడవే లేదు కదా.

నా వరకు మూడోదే అసలుది. భూగోళం చదివేది మన రాత ఎందుకిట్లా ఉందో తెలుసుకోవడానికి. పడమటి కనుమలు నైరుతి వానను ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనం మన దాకా వచ్చేసరికి అలసిపోతుంది. అనంతపురానికి ఏడాదికి 552 మిల్లీమీటర్లే. దేశంలో జైసల్మేర్ తర్వాత మనదే తక్కువ వాన. ఇంక కరువు రాక ఏం వస్తుంది? నేలే మన రాత రాసింది.

కందెన (కర్నూలు) – 2:15

తమ్ముడూ, పరీక్షలో ఆ జైసల్మేర్ ముక్క రాసేముందు ఒకసారి ఆలోచించు. లద్దాఖ్‌లో లేహ్ ఉంది, అక్కడ పడేది 100 మిల్లీమీటర్ల అటూఇటూ. ఈ "జైసల్మేర్ తర్వాత మనమే" అన్న మాట మీటింగుల్లో విని విని మనకే నిజమైపోయింది.

అసలు విషయం అది కాదు. "నేలే రాత రాసింది" అన్నావే, ఈ మాటకు పెద్ద చరిత్ర ఉంది, అంత మంచిది కూడా కాదు. జర్మనీలో రాట్జెల్ 1882లో మనిషినీ నేలనూ ముడిపెట్టి పుస్తకం రాశాడు. ఆయన దగ్గర చదువుకున్న ఎలెన్ సెంపుల్ అమెరికాలో దాన్ని ఇంకా సాగదీసింది. 1915లో హంటింగ్టన్ వచ్చి చల్లటి దేశాలవాళ్లు చురుకైనవాళ్లు, వేడి దేశాలవాళ్లకు చేతకాదు అని పటాలు వేసి మరీ చూపించాడు. మే నెల ఎండలో మిద్దె మీద స్లాబు పోసే మా కర్నూలు బేల్దార్లను ఆయన చూసినట్టు లేదు. తెల్లవాళ్ల దొరతనానికి ఇదంతా బాగా పనికొచ్చింది.

మనకూ ఇంట్లోనే ఉంది ఆ జబ్బు. సీమ అంటే రాళ్లు, కాబట్టి సీమ మనిషి గుండె కూడా రాయి, చేతిలో కత్తి. ఇరవై ఏళ్లుగా సినిమాలు చూపించింది ఇదే. అది హంటింగ్టన్ సిద్ధాంతమే, కాకపోతే సుమోలు ఎక్కి వచ్చింది.

ఫ్రాన్స్‌లో విడాల్ దె లా బ్లాష్ దీనికి ఎదురు చెప్పాడు: నేల నాలుగు దారులు చూపిస్తుంది, ఏ దారి పట్టాలో మనిషి తేల్చుకుంటాడు. ధాత కరువు చూడు, 1876-78. వాన లేకపోవడం నిజం. కానీ ఆ రోజుల్లోనే దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. వాన పడకపోవడం నేల తప్పు అనుకుందాం. ధాన్యం ఓడెక్కడం ఎవరి తప్పు?

పిన్‌కోడ్ తమ్ముడికి కూడా ఒక సవరణ. స్నో ముందు మ్యాపు గీసి తర్వాత నీళ్లను అనుమానించలేదు. నీళ్ల వల్లే కలరా అని 1849లోనే రాశాడు. మ్యాపు తర్వాత, ఎదుటివాళ్లను ఒప్పించడానికి గీసింది. మ్యాపు కనిపెట్టలేదు, చూపించింది. ఈ తేడా చిన్నది కాదు.

పిన్‌కోడ్ – 2:31

ఒప్పుకుంటా. కానీ చూపించడం తక్కువ పనా సార్?

కందెన – 2:50

తక్కువ పని అనలేదు. మా ఇంటికి రా, నేను కూడా ఒక మ్యాపు చూపిస్తా. పాత ఊళ్లో మా ఇంటి హాలు గోడ మీద, నా భుజం ఎత్తులో, ఒక గీత ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పటిది. మూడుసార్లు సున్నం కొట్టించాను, పెయింటు మార్చాను. వానాకాలం వస్తే మళ్లీ తేమ కక్కి కనబడుతుంది.

ఎన్ని లక్షల క్యూసెక్కులు వచ్చాయో ఇంజనీర్లు చెప్తారు, అల్పపీడనం ఎట్లా కదిలిందో వాతావరణ శాఖ చెప్తుంది. కానీ ఆ గీత మా ఇంట్లో భుజం ఎత్తున, మా బావమరిది ఇంట్లో పాదాల దగ్గర, ఆఫీసర్ల కాలనీలో అసలు లేకుండా ఎందుకుందో వాళ్లిద్దరూ చెప్పరు. ఎవరికి మిట్ట మీద స్థలం దొరికింది, ఎవరు ఏటి గడ్డకు సర్దుకున్నారు అన్న లెక్క అది. నా మటుకు భూగోళం అంటే ఆ గీత.

మోడరేటర్ – 3:20

రాజధాని ఎక్కడుండాలన్న పోస్టులు నాలుగు తీసేశాం. అదీ భూగోళమే అని ఒకరు వాదించారు. నిజమే కావచ్చు, కానీ ఇక్కడ వద్దు.

పిన్‌కోడ్ – 4:05

కందెన సార్ చెప్పింది బాగుంది, కానీ ఒక భయం. ఒక్కో ఇంటి గీతకు ఒక్కో కత అయితే అది శాస్త్రం ఎట్లా అవుతుంది? కతలు మా అవ్వ కూడా చెప్తుంది. మాకు ఎంఎస్సీలో దీని మీదే పెద్ద పాఠం ఉండేది. 1939లో అమెరికా భూగోళ పండితుడు హార్ట్‌షోర్న్ అన్నాడు, ప్రతి ప్రాంతమూ దానికదే ప్రత్యేకం, భూగోళం పని ప్రాంతాల మధ్య తేడాలు చెప్పడం. 1953లో షేఫర్ అనే ఇంకో పండితుడు లేచి, ప్రత్యేకం ప్రత్యేకం అంటూ కూర్చుంటే సూత్రాలు ఎప్పుడు కనిపెడతారు, సూత్రం లేనిది సైన్సు కాదు అని గట్టిగా రాశాడు. ఆ వ్యాసం అచ్చయ్యేసరికి పాపం ఆయన లేడు. నేను షేఫర్ పార్టీ. గుంతకల్లు ఎందుకు పెరిగిందో నాకు సూత్రం కావాలి. నాలుగు దిక్కుల రైలు పట్టాలు కలిసినచోట ఊరు పెరుగుతుంది. గుంతకల్లుకూ అదే, కాజీపేటకూ అదే.

కందెన – 4:22

మరి పుట్టపర్తికి?

పిన్‌కోడ్ – 4:40

...

కందెన – 4:58

నవ్వడం లేదు, నిజంగానే అడుగుతున్నా. చిత్రావతి ఒడ్డున చిన్న పల్లె. రైలు జంక్షను లేదు, రేవు లేదు, గని లేదు. 1926లో అక్కడ ఒకాయన పుట్టాడు. ఆయన వల్ల విమానాశ్రయం వచ్చింది, పెద్దాసుపత్రి వచ్చింది, యూనివర్సిటీ వచ్చింది, 2022లో జిల్లా కేంద్రమే అయింది. పక్కనే ఇంతకన్నా పెద్ద ఊర్లు హిందూపురం, ధర్మవరం, కదిరి చూస్తూ ఉండిపోయాయి. హిందూపురం వాడివి, ఆ బాధ నీకు తెలియంది కాదు. ఏ ఊరు ఎంత దూరంలో ఎందుకు పెరుగుతుందో 1933లో జర్మనీ పండితుడు క్రిస్టాలర్ షడ్భుజాలు గీసి చెప్పాడు. ఆ షడ్భుజాల్లో పుట్టపర్తిని కూర్చోబెట్టు చూద్దాం.

పిన్‌కోడ్ – 5:10

హిందూపురం సంగతి ఎత్తకండి సార్, ఇంట్లో ఇంకా గొడవే. పుట్టపర్తికి సూత్రం లేదు, ఒప్పుకుంటా. కానీ ఒకసారి పెరిగాక జరిగిందంతా సూత్రం ప్రకారమే జరిగింది. లాడ్జీలు బస్టాండు చుట్టూనే వచ్చాయి, స్థలాల రేట్లు మందిరం నుంచి దూరం పోయేకొద్దీ దిగాయి. మొదలు మీది, మిగతాది నాది.

నాపరాయి – రాత్రి 8:15

పొద్దున హగరి అన్నకు జవాబు బాకీ పడ్డాను. ఇది ఎవరికీ చెప్పుకోని సంగతి, పేరు లేని చోట కాబట్టి చెప్తున్నా.

కొన్నేళ్లు బోరు పాయింట్లు పెట్టాను. అరచేతిలో టెంకాయ నిలబెట్టి చూసే రకం కాదు, మీటరు పెట్టి, నేలలో నాలుగు కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి చూసే రకం. కదిరి పక్క ఒక రైతు. రెండు బోర్లు అప్పటికే ఎండిపోయి ఉన్నాయి. మూడోదానికి నన్ను పిలిచాడు. మీటరు చాలా బాగా చూపించింది, లోతున రాయి పగులు ఉంది. డ్రిల్లింగులో ఆ పగులు నేను చెప్పిన లోతులోనే తగిలింది కూడా. నా లెక్క తప్పలేదు. బండి మీద ఉన్న కుర్రాడు "సార్ కరెక్టుగా చెప్పినాడే" అన్నాడు. కానీ పగుల్లోంచి వచ్చింది ఎర్ర దుమ్ము, గుక్కెడు నీళ్లు కూడా లేవు. ఆ రైతు అరుగు మీద కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మజ్జిగ ఇచ్చి పంపించాడు. తిట్టుంటే బాగుండేది.

తర్వాత నడుచుకుంటూ పోతే ఆ వంకకు రెండు పక్కలా బోర్లే బోర్లు. దానిమ్మ తోట ఒకటి, చీనీ తోటలు నాలుగు. నేను కనిపెట్టిన పగుల్నే వాళ్లంతా ముందే పీల్చేశారు. పై ఊళ్లో చెరువు పూడిక తీసి ఎన్నేళ్లయిందో. రాయి గురించి నాకు అంతా తెలుసు. రాయి చుట్టూ ఎవరున్నారో తెలియదు. దాన్ని చూడ్డం నా సిలబస్‌లో లేదు.

ఇంత చెప్పి కూడా భూగోళం సైన్సు అని ఒప్పుకోవడం లేదు. కానీ పొద్దున అన్న "మీ చెయ్యి ఎక్కడ పడింది" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

మరవ పారింది (పోరుమామిళ్ల) – 9:02

పొద్దుటి నుంచి చదువుతున్నా, ఉద్యోగం హడావుడిలో రాయలేదు. నేను సచివాలయంలో సర్వేయర్ని. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), రోవర్ (శాటిలైటుతో కొలిచే మిషను), గట్టు గొడవలు, ఇదే నా బతుకు. కౌలా సొంతమా అన్న మాట వినగానే మా ఊరి చెరువు గుర్తొచ్చింది.

పోరుమామిళ్ల చెరువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించింది. శాసనం 1369 నాటిది, సంస్కృత శ్లోకాలు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులోనే ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది. గట్టి మట్టి నేల కావాలి. దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు కావాలి. రెండు పక్కలా కొండ, ఆ కొండల మధ్య మరీ పొడుగు కాని గట్టి రాతి కట్ట. పొడుగాటి తిన్నని రాళ్లు దొరికే గని. ఇక్కడిదాకా నాపరాయి అన్న పొలమే. కానీ అదే వరసలో ధర్మం, డబ్బు, కీర్తి మీద ఆశ ఉన్న రాజు ఉండాలంటుంది. నీటి శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, కట్టడం తెలిసిన పనివాళ్లు, కింద మట్టసంగా ఉండి పండే మడులు. రాయినీ రాజునూ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే పట్టీ రాశారు. ఇది జియాలజీ, ఇది ఎకనమిక్స్ అని గీత కొట్టలేదు.

ఇంకా బాగుండేది తప్పుల పట్టీ. ఆరు తప్పులు. కట్టలోంచి నీళ్లు ఊటలెత్తడం, చౌడు నేల, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై కింద భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఆరోది వినండి: రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

ఆరున్నర వందల ఏళ్ల కిందటి మాట. చెరువు ఎంత గట్టిగా కట్టినా, మట్టి ఎంత మంచిదైనా, రెండు రాజ్యాల నడుమ పడితే అది తప్పు చెరువే. ఏ ఫిజిక్సు చెప్తుంది ఇది?

హగరి ఒడ్డు – 9:20

అక్కా, ఆ ఆరో తప్పు మాకు కొత్త కాదు. తుంగభద్ర డ్యాము హోస్పేటలో. హెచ్చెల్సీ, అంటే హైలెవల్ కాలువ, కర్ణాటకలో పారి పారి మా దగ్గరికి రావాల. ఏటా కాలువకు నీళ్లు వదిలినారంటనే మేము లెక్కేసేది ఎన్ని టీఎంసీలు అని కాదు, బార్డరు దగ్గర ఎంత దిగిందని. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా ఊళ్లో టీవీ ముందర నుంచి ఒక్కరు లేచింటే ఒట్టు.

నాపరాయి – 9:41

మేడం, శాసనం అద్భుతం. కానీ అది ఇంజనీరింగ్ కదా? భూగోళం అని దాని మీద ఎందుకు బోర్డు కడుతున్నారు?

మరవ పారింది – 10:03

కట్ట ఎట్లా కట్టాలన్నది ఇంజనీరింగ్ అన్నా. ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టకూడదు అన్నది వేరే. పన్నెండు అంగాల్లో కట్ట గురించి ఉన్నవి ఒకటి రెండే, మిగతావన్నీ చోటు గురించి, ఆ చోట ఉన్న మనుషుల గురించి. రాజు లేని చోట మంచి కొండ ఉండి ఏం లాభం, కొండ లేని చోట మంచి రాజు ఉండి ఏం లాభం. ఈ రెండూ ఒక దగ్గర కలిశాయా లేదా అని చూసేవాడి పొలం అది. అందులో ముక్కలు అందరివీ ఉన్నాయి. వాటిని కలిపి కట్టిన గట్టు మాత్రం ఇంకెవరిదీ కాదు. సర్వేయర్ని కదా, గట్టు ఎవరిదో తేల్చడమే నా పని.

మూడోసారి గ్రూప్స్ – 10:15

ఇది వ్యాసం పేపర్లో రాయొచ్చా అక్కా?

మరవ పారింది – 10:17

రాయి తమ్ముడూ. జైసల్మేర్ మాత్రం వద్దు.

సోషల్‌సారు – మంగళవారం సాయంత్రం 6:30

అందరికీ థ్యాంక్స్. ఈరోజు స్టాఫ్‌రూంలో ఆ ఆరు తప్పులు కాగితం మీద రాసి మా సైన్స్ సార్ ముందు పెట్టాను, ఇది ఏ సబ్జెక్టో చెప్పండి అని. మొదటిది చూసి "సీపేజ్, మాది" అన్నాడు. చౌడు చూసి "కెమిస్ట్రీ, అదీ మాదే" అన్నాడు. మిట్ట దగ్గర కొంచెం ఆగాడు, నీళ్లు పట్టేది తగ్గుతుంది కదా అని తనే చెప్పుకున్నాడు. సరిహద్దు దగ్గరికొచ్చి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది సివిక్స్ సార్, మీ సోషల్లోదే, మీరే తీసుకోండి" అన్నాడు. ఒక్కదాన్ని ఇచ్చి ఐదు పట్టుకుపోయాడు! ఆ ఐదూ ఆరోదానితో కలిసి ఒకే పట్టీలో ఎందుకున్నాయి సార్ అన్నాను. రేపు చెప్తానన్నాడు. తెలుగు మేడం మాత్రం కాగితం అడిగి తీసుకుంది, శ్లోకాలు కావాలంట.

పాప సంగతి ఇంకా తేలలేదు. బీఎస్సీ ఉన్న కాలేజీకి పోవాలంటే హాస్టలు, బీఏ ఉన్నది ఆటోలో పోయొచ్చే దూరం. వాళ్లమ్మ ఓటు ఆటోకే. పాపకు ఈ చర్చ మొత్తం చదివించాను. నాపరాయి గారి బోరు కత దగ్గర ఆగి రెండుసార్లు చదివింది, ఏమీ అనలేదు. తర్వాత పోరుమామిళ్ల చూడాలంది.

మేడం, ఆదివారం వస్తే మీరు ఊళ్లో ఉంటారా? కడప మీదుగా రావాలా, ఇంకేదైనా దారి ఉందా?

మరవ పారింది – 7:10

ఉంటా సార్. కడప దాకా వచ్చి మైదుకూరు మీదుగా రండి, ఆ దారిన బస్సులు ఎక్కువ. ఎండ పడకముందే కట్ట మీద నడవాలి, పొద్దున్నే చేరేటట్టు చూసుకోండి. నీళ్లు ఉన్నాయి, మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) మాత్రం పారడం లేదు.

నాపరాయి – 7:26

యర్రగుంట్ల నుంచి నేనూ వస్తా. ఆ రాళ్ల గని ఎక్కడుందో చూడాలి.